వేన్నీళ్ల బాయిలర్‌కు మూడు దారులు



ఈశాన్య రుతుపవనాల వానలు తగ్గుముఖం పట్టాయి. పులికాట్ సరస్సు మీంచి తెల్లవారుజామున చల్లగాలి వీస్తోంది. తడలో, సూళ్లూరుపేటలో, సరస్సు చుట్టూ ఉన్న పల్లెల్లో వేన్నీళ్ల బాయిలర్లు మళ్లీ వెలుగుతున్నాయి. ఇంకొన్నాళ్లలో భోగి వస్తుంది. ఆ రోజు ఇంటిల్లిపాదీ తలంటి పోసుకోవాలంటే గంగాళాల కొద్దీ వేన్నీళ్లు కావాలి. అందుకని ఈ పూట ఆ బాయిలర్ గురించే మాట్లాడదామని వచ్చాను. దాన్ని ఎలా శుభ్రం చేసుకోవాలి, ఎన్నాళ్లకోసారి చేసుకోవాలి, చేయకపోతే ఎవరికి నష్టం అన్నవి చెబుతాను.

వంటింట్లోకి గ్యాసు వచ్చి చాలా కాలమైంది. 1999లో మన రాష్ట్రంలో దీపం పథకం మొదలైంది. 2016లో కేంద్రం ఉజ్జ్వల పథకం తెచ్చింది. అన్నం, కూర, టీ కాచుకోవడం గ్యాసు మీదికి మారాయి. స్నానాల నీళ్లు మాత్రం చాలా ఇళ్లలో ఇంకా కట్టెల మీదే కాగుతున్నాయి. ఐదారుగురున్న ఇంట్లో రోజూ నాలుగైదు బకెట్ల నీళ్లు గ్యాసు మీద పెడితే సిలిండరు ఎన్నాళ్లు వస్తుంది? దొడ్లో సరుగుడు పుల్లలున్నాయి, కొబ్బరి మట్టలున్నాయి, తాటి మట్టలున్నాయి. వాటికి డబ్బు పెట్టనక్కర్లేదు. అందుకే బాయిలర్ ఇంకా నిలబడి ఉంది.

చలిదేశాల్లో చాలా ఇళ్లలో ఉండే బాయిలర్, నీళ్లతో పాటు గదుల్ని కూడా వెచ్చబెడుతుంది. కొన్ని ఇళ్లలో కట్టె, బొగ్గు, చెక్కపొట్టుతో చేసిన గుళికలు అందులో వేస్తారు. మనకు ఆ అవసరం లేదు. తడలో జనవరి తెల్లవారుజామున కూడా చలి 20 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది. మనకు కావలసింది ఒంటికి వేన్నీళ్లు. అయితే కట్టె ఎక్కడ మండినా దాని గుణం ఒకటే. జర్మనీలో పొగగొట్టాలు చూసే మనిషి చట్టం ప్రకారం ఇంటికొచ్చి, గొట్టం ఊడ్చి, పొగను కొలిచి వెళ్తాడు. మన దొడ్లోకి అలా ఎవరూ రారు. ఆ పని మనమే చేసుకోవాలి.

ముందుగా బాయిలర్ ఎలా ఉంటుందో ఒకసారి చూద్దాం. నిలువుగా నిలబెట్టిన రాగి పీపా అనుకోండి. పీపా నడుమ కిందినుంచి పైదాకా ఒక గొట్టం ఉంటుంది. ఆ గొట్టంలో నిప్పు, గొట్టం చుట్టూ నీళ్లు. గొట్టం అడుగున ఇనుప జల్లెడ ఉంటుంది. జల్లెడ కింద బూడిద పడే పళ్లెం. పైన పొగ పోయే గొట్టం. ఒక పక్క చన్నీళ్లు పోసే గరాటు, ఇంకో పక్క వేన్నీళ్లు వచ్చే కుళాయి. కొన్ని బాయిలర్లలో కుళాయి ఉండదు. గరాటులో ఒక చెంబు చన్నీళ్లు పోస్తే అవి పీపా అడుగుకు వెళ్తాయి, పైనున్న వేన్నీళ్లు అంతే కొలతలో బయటికి వస్తాయి. పోసినంతే వస్తుంది కాబట్టి పీపా ఎప్పుడూ ఎండిపోదు. ఎంతో ఆలోచించి చేసిన అమరిక అది.

ఇందులో మూడు దారులున్నాయి. కిందినుంచి గాలి వచ్చే దారి, పైకి పొగ పోయే దారి, లోపల నీళ్లు తిరిగే దారి. గాలి దారిని బూడిద మూస్తుంది. పొగ దారిని మసి మూస్తుంది. నీటి దారిని గార మూస్తుంది. బాయిలర్ శుభ్రం చేయడమంటే ఈ మూడు దారుల్నీ తెరిచి ఉంచడమే. పీపా పైన చింతపండు రుద్ది తళతళలాడించడం అందం కోసం. అది చేసుకోండి, తప్పు లేదు. బాయిలర్ ఆయుష్షు మాత్రం లోపలి మూడు దారుల్లో ఉంది.

మొదటిది గాలి దారి. జల్లెడ కన్నాల గుండా పైకి వచ్చే గాలే మంటకు ప్రాణం. కన్నాల్లో బూడిద, సగం కాలిన బొగ్గు ముక్కలు ఇరుక్కుంటే గాలి తగ్గుతుంది. గాలి తగ్గితే కట్టె మండదు, రాజుతుంది. రాజే కట్టె పొగ ఎక్కువిస్తుంది, వేడి తక్కువిస్తుంది. అందుకని రోజూ వెలిగించే ముందు జల్లెడను ఒక ఇనుప చువ్వతో కదిలించి, పళ్లెంలోని బూడిద తీసేయాలి. రెండు నిమిషాల పని.

బూడిద తీసేటప్పుడు రెండు జాగ్రత్తలు. పైకి చల్లగా కనిపించే బూడిదలో నిప్పు కణిక ఒక రోజు దాటినా బతికే ఉండొచ్చు. తాటాకు పందిరి పక్కన, గడ్డివాము పక్కన దాన్ని గుమ్మరిస్తే సముద్రపు గాలికి అది రేగడానికి ఎంతోసేపు పట్టదు. మూతున్న రేకు డబ్బాలో పోసి, రెండు రోజులు పక్కన పెట్టి, ఆ తర్వాతే చెట్ల మొదట్లో వేయండి. రెండో జాగ్రత్త తేమ గురించి. బూడిద తేమను పట్టి ఉంచుతుంది. మనది ఉప్పుగాలి నేల. తడి బూడిద, ఉప్పుగాలి రెండూ కలిస్తే ఇనుప జల్లెడను, బాయిలర్ కింది ముక్కాలి పీటను తినేస్తాయి. వానాకాలంలో బాయిలర్ వాడకుండా వదిలేసే ఇళ్లవాళ్లు బూడిద పూర్తిగా ఊడ్చి, జల్లెడ బయటికి తీసి, పొడిగా తుడిచి దాచుకోవాలి. అడుగున బూడిద ఉంచేసి మూత పెడితే, మళ్లీ చలికాలానికి జల్లెడ చేతికి పొరలు పొరలుగా వస్తుంది.

రెండోది పొగ దారి. మసి గురించి చెప్పాలంటే ముందు కట్టె గురించి చెప్పాలి. ఎందుకంటే మసిలో ఎక్కువ భాగం కట్టెలోని తడి వల్లే పుడుతుంది.

ఈ తీరానికి కట్టె కొత్త కాదు. ఇప్పుడు రాకెట్లతో పేరు తెచ్చుకున్న శ్రీహరికోట, బ్రిటిషు కాలంలో మద్రాసు పొయ్యిలకు కట్టె పంపిన దీవి. అక్కడి అడవి కట్టె పడవలకెక్కి బకింగ్‌హామ్ కాలువలో మద్రాసు చేరేది. ఇసుక నేలల్లో ఇప్పుడు మనం చూసే సరుగుడు ఈ దేశపు చెట్టు కాదు. ఆస్ట్రేలియా, ఆగ్నేయాసియా తీరాల చెట్టు. 19వ శతాబ్దంలో రైలింజన్లకు కట్టె కావలసి మద్రాసు ప్రెసిడెన్సీ తీరం పొడవునా సరుగుడు తోటలు వేయించారు. కట్టెల్లో అది మేలైన కట్టె. గట్టిగా ఉంటుంది, నిలకడగా మండుతుంది, బొగ్గు బాగా నిలుస్తుంది.

సరుగుడుకు ఇంకో గుణం ఉంది. కాస్త పచ్చిగా ఉన్నా మండుతుంది. ఆ గుణం చూసే మనం మోసపోతాం. మండుతోంది కదా అని పచ్చి కట్టె పెట్టేస్తాం. అప్పుడేం జరుగుతుందో లెక్క వేసి చూడండి.

20 లీటర్ల బకెట్టు నీళ్లను 25 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు తేవడానికి కావలసిన వేడి 400 కిలోకేలరీలు. బాగా ఎండిన కట్టె కిలోకు దాదాపు 3,500 కిలోకేలరీలు ఇస్తుంది. వేడంతా నీళ్లకే చేరితే నూట పదిహేను గ్రాముల కట్టెతో బకెట్టు నీళ్లు కాగాలి. అంతా చేరదు. మూడు రాళ్ల పొయ్యి మీద పదో వంతు చేరితే గొప్ప. అంటే బకెట్టుకు కిలోకు పైగా కట్టె. బాయిలర్‌లో మంట చుట్టూ నీళ్లే ఉంటాయి కాబట్టి ఎక్కువ వేడి దక్కుతుంది. మూడో వంతు దక్కినా మూడు వందల యాభై గ్రాముల కట్టెతో పని అయిపోతుంది.

ఇప్పుడు పచ్చి కట్టె సంగతి. అప్పుడే కొట్టిన కట్టె బరువులో సుమారు సగం నీరే. కిలో కట్టెలో అరకిలో నీరు. ఆ అరకిలో నీటిని ఆవిరి చేయడానికే దాదాపు 310 కిలోకేలరీలు ఖర్చవుతాయి. అంటే మీరు పెట్టిన ప్రతి కిలో పచ్చి కట్టె, ముప్పాతిక బకెట్టు నీళ్లు కాచగలిగినంత వేడిని తనను తాను ఎండబెట్టుకోవడానికే వాడేసుకుంటుంది. నష్టం అక్కడితో ఆగదు. ఆ ఆవిరి మంటను చల్లారుస్తుంది. చల్లారిన మంటలో కట్టెలోని నూనెలు, జిగురు పూర్తిగా కాలవు. పొగగా పైకి వెళ్లి, చల్లటి గొట్టానికి తగిలి, నల్లటి తారుగా అంటుకుంటాయి. మామూలు మసి పొడిపొడిగా వేలికి అంటుతుంది. ఈ తారు మెరుస్తూ, జిగటగా, ఆరితే గట్టి పెచ్చుగా ఉంటుంది. మీ బాయిలర్ గొట్టంలో మెరిసే నలుపు కనిపిస్తే, ఆ ఇంట్లో పచ్చి కట్టె వాడుతున్నారని అర్థం.

మన దగ్గర చిక్కు ఏమిటంటే, మన వానల్లో ఎక్కువ భాగం ఆశ్వయుజ, కార్తీకాల్లో పడతాయి. వేన్నీళ్ల అవసరం సరిగ్గా ఆ వెంటనే మొదలవుతుంది. కట్టె బాగా తడిసి ఉన్నప్పుడే బాయిలర్ వెలిగించాల్సి వస్తుంది. దీనికి మందు ఎండాకాలంలోనే ఉంది. చలికాలానికి కావలసిన కట్టెను ఉగాది వెళ్లగానే కొట్టించి, చీల్చి, వైశాఖ జ్యేష్ఠాల ఎండలో ఎండనివ్వాలి. చీల్చని దుంగ ఏడాదైనా లోపల తడిగానే ఉంటుంది. మణికట్టు లావుకు మించకుండా చీలిస్తే త్వరగా ఎండుతుంది. నేల మీద పరచకుండా ఇటుకల మీద పేర్చాలి. గోడకు జానెడు దూరం ఉంచాలి. పైన రేకో తాటాకో కప్పి, పక్కలు తెరిచి ఉంచాలి. టార్పాలిన్‌తో నలువైపులా మూసేస్తే తడి లోపలే మిగిలిపోతుంది. రెండు కట్టెలు ఒకదానికొకటి తాటిస్తే ఎండిన కట్టె ఖణేల్మంటుంది, పచ్చిది మొద్దుగా పలుకుతుంది. చివర్లలో చీలికలు కనిపిస్తే కట్టె ఎండినట్టే.

ఇంకో మాట. కట్టె అంటుకోవడానికి ప్లాస్టిక్ కవరు, సైకిల్ ట్యూబు ముక్క వేసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. దయచేసి మానేయండి. ప్లైవుడ్ ముక్కలు, రంగు వేసిన చెక్కలు కూడా వేయకండి. వాటిలోని జిగుర్లు, రంగులు విషపు పొగ ఇస్తాయి. ఆ పొగ ముందు అందేది మంట ఊదే మనిషికే. ఎండు సరుగుడు ఆకు, సరుగుడు కాయలు, కొబ్బరి పీచు ఉండగా ప్లాస్టిక్ అవసరం మనకు లేనే లేదు.

మసి ఎలా తీయాలో చెబుతాను. వారానికోసారి చేస్తే చాలు. రాత్రంతా చల్లారిన బాయిలర్‌నే ముట్టుకోండి. పైన ఉన్న పొగగొట్టం ముక్క ఊడదీయండి. కింద జల్లెడ, పళ్లెం తీసేసి, అడుగున తడి గోనెసంచి పరవండి. పడే మసి ఎగరకుండా అది పట్టుకుంటుంది. కొబ్బరి ఈనెల చీపురును పొడుగు కర్రకు గట్టిగా కట్టి, పైనుంచి కిందిదాకా గొట్టంలో దించుతూ, తిప్పుతూ ఊడ్చండి. రాగి మెత్తటి లోహం. దాని మీద ఇనుప చువ్వతో, కత్తితో గీకొద్దు. గీత పడిన చోట రాగి పలచబడుతుంది. ఇనుప చువ్వ జల్లెడకే. పెచ్చు కట్టిన తారు చీపురుకు రాకపోతే, పీపా నిండా నీళ్లు పోసి, బాగా ఎండిన సన్న పుల్లలతో ఒక పూట చిన్నదైనా చురుకైన మంట పెట్టండి. తారు ఎండి పెళుసవుతుంది. మర్నాడు చల్లారాక ఊడ్చితే రాలిపోతుంది. తారు మందంగా పేరుకున్న గొట్టంలో పెద్ద మంట మాత్రం పెట్టకండి. ఆ తారే అంటుకుని గొట్టం పైనుంచి నిప్పురవ్వలు ఎగసిపడతాయి. పూరికప్పు ఇళ్ల దగ్గర అది చాలా ప్రమాదం.

మసి ఊడ్చేటప్పుడు ముక్కుకు, నోటికి తడి గుడ్డ కట్టుకోండి. 1775లో లండన్‌లో పెర్సివల్ పాట్ అనే వైద్యుడు, చిన్నతనం నుంచీ పొగగొట్టాలు ఊడ్చినవాళ్లలో ఒక రకం క్యాన్సర్ ఎక్కువగా వస్తోందని, దానికి ఒంటికి పట్టిన మసే కారణమని రాశాడు. చేసే పని వల్ల క్యాన్సర్ వస్తుందని లోకం మొదటిసారి తెలుసుకున్నది మసి దగ్గరే. కాబట్టి పని కాగానే సబ్బుతో ఒళ్లు కడుక్కుని, ఆ బట్టలు విడిగా ఉతకండి. ఈ పనికి పిల్లల్ని పెట్టకండి.

మూడోది నీటి దారి. మన ఊళ్లలో బోరు నీళ్లు ఎలా ఉంటాయో మీకు వేరే చెప్పనక్కర్లేదు. సరస్సుకు దగ్గరైన కొద్దీ ఉప్పు. చాలాచోట్ల సబ్బు నురగ రాని కాఠిన్యం. తాగే నీటికి భారత ప్రమాణాల సంస్థ పెట్టిన హద్దు, లీటరుకు 200 మిల్లీగ్రాముల కాఠిన్యం. వేరే నీళ్లు దొరకని చోట 600 దాకా ఒప్పుకుంటారు. ఇలాంటి నీళ్లు కాగితే అందులో కరిగి ఉన్న సున్నపు లవణాలు విడిపోయి, పీపా లోపలి గోడకు తెల్లటి గారగా అంటుకుంటాయి. నీళ్లు ఎంత మరిగితే గార అంత ఎక్కువ పడుతుంది. స్నానానికి కావలసిన వేడి దాటి మరగనివ్వకపోవడమే మొదటి జాగ్రత్త.

మసికీ గారకూ తేడా ఉంది. మసి కట్టెను తింటుంది. మంటకీ లోహానికీ నడుమ అడ్డు నిలబడి వేడిని నీళ్లదాకా పోనివ్వదు, ఆ వేడి పొగతో పాటు పైకి పోతుంది. గార బాయిలర్‌నే తింటుంది. గార పట్టిన చోట రాగికి నీళ్లు తగలవు, ఆ చోట లోహం మామూలు కన్నా ఎక్కువ వేడెక్కుతుంది, అతుకులు బలహీనపడతాయి. కుళాయి సన్నగా పారుతుంది. బాయిలర్ లోపల గుడగుడమని చప్పుడు వస్తే, గార కింద చిక్కుకున్న నీళ్లు ఆవిరై బుడగలు పేలుతున్నాయని గుర్తు. ఆ చప్పుడు వినిపిస్తే ఇక ఆలస్యం చేయొద్దు.

గార తీయడానికి పులుపు కావాలి. మన పెద్దవాళ్లు చింతపండు రసం, పులిసిన మజ్జిగ వాడింది అందుకే. ఇప్పుడు నిమ్మ ఉప్పు కిరాణా కొట్లో దొరుకుతుంది. బాయిలర్ పట్టే నీళ్లను లెక్క చూసుకుని, లీటరుకు 20 నుంచి 30 గ్రాముల నిమ్మ ఉప్పు గోరువెచ్చటి నీళ్లలో కరిగించి గరాటులో పోయండి. లోపల నురగ లేస్తుంది. సున్నం కరిగి బొగ్గుపులుసు వాయువు విడుదలవుతోందన్నమాట. గరాటు మూయకండి. రాత్రంతా ఉంచి, పొద్దున కుళాయి విప్పి, రెండు మూడు సార్లు మంచి నీళ్లతో కడిగేయండి. మొదట వచ్చే నీళ్లలో తెల్లటి పెచ్చులు, అప్పుడప్పుడు పచ్చటి చిలుము కనిపిస్తాయి. ఉప్పు నీళ్లు వాడే ఇళ్లలో మూడు నెలలకోసారి, మంచి నీళ్లు ఉన్న ఇళ్లలో ఏడాదికి రెండు సార్లు ఇలా చేస్తే చాలు.

మరుగుదొడ్లు కడిగే యాసిడ్ మాత్రం పోయకండి. అది గారతో పాటు అతుకుల్నీ, లోపలి కళాయినీ తినేస్తుంది. దాంట్లో బ్లీచింగ్ పౌడరు కలిసిందంటే క్లోరిన్ వాయువు పుడుతుంది. చిన్న స్నానాల గదిలో అది ప్రాణం మీదికి తెస్తుంది.

గార పట్టకుండా చేసే తేలికైన దారి ఒకటి మన ఆకాశంలోనే ఉంది. వాన నీటికి కాఠిన్యం ఉండదు. కార్తీకం వానల్లో శుభ్రమైన పైకప్పు మీద పడ్డ నీటిని, మొదటి జల్లు వదిలేసి, మూతున్న తొట్టిలో పట్టుకుంటే కొన్ని వారాలపాటు బాయిలర్‌కు ఆ నీళ్లే పోయొచ్చు. మూత లేకపోతే దోమలు చేరతాయి, అది మరవకండి.

ఇక ప్రాణాల సంగతి. ఈ భాగం శ్రద్ధగా వినమని కోరుతున్నాను.

నీళ్లు లేని బాయిలర్ కింద మంట పెట్టొద్దు. అతుకుల్లో తగరం, సీసం కలిపి పెట్టిన మాటు కరగడానికి 190 డిగ్రీల లోపు వేడి చాలు. కట్టె మంట దానికి ఎన్నో రెట్లు వేడిగా ఉంటుంది. నీళ్లు ఉన్నంతసేపే ఆ మాటు భద్రం. పొరపాటున ఖాళీ బాయిలర్ కాలిపోతుంటే వెంటనే చన్నీళ్లు పోయకండి. ఆ నీళ్లు ఒక్కసారిగా ఆవిరై గరాటులోంచి మొహం మీదికి చిమ్ముతాయి. నిప్పు లాగేసి, పూర్తిగా చల్లారనివ్వండి. మాటు పెట్టిన బాయిలర్‌లోని నీళ్లు స్నానానికే వాడాలి. తాగడానికి, అన్నం వండడానికి వద్దు, మాటులో సీసం ఉండొచ్చు.

గరాటును ఎప్పుడూ బిగించి మూయొద్దు. దుమ్ము పడకుండా పైన ఒక గిన్నె బోర్లిస్తే సరిపోతుంది. లీటరు నీరు ఆవిరైతే సుమారు 1,600 లీటర్ల ఆవిరి అవుతుంది. దానికి బయటికి పోయే దారి ఉన్నంతవరకే మన బాయిలర్ స్నానాల పాత్ర. ఆ దారి మూసేస్తే అది ఒత్తిడితో పనిచేసే యంత్రం అవుతుంది. ఫ్యాక్టరీల్లోని అలాంటి బాయిలర్లకు మన దేశంలో 1923 నుంచే ప్రత్యేక చట్టం ఉంది. దాని స్థానంలో 2025లో కొత్త చట్టం వచ్చింది. వాటికి తనిఖీ అధికారులుంటారు, ధ్రువపత్రాలుంటాయి. మన దొడ్లోని దానికి గరాటు తెరిచి ఉండడమే రక్షణ.

అన్నిటికన్నా పెద్ద మాట గాలి గురించి. చలిగా ఉందని, వాన పడుతోందని బాయిలర్‌ను స్నానాల గదిలోకి తెచ్చి తలుపు వేసుకోకండి. మంటకు గాలి చాలనప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. పొగ రావడం లేదు కదా, బొగ్గు నిప్పులే కదా అనుకునే చోటే అది ఎక్కువ. మన రక్తంలో ప్రాణవాయువును మోసే పదార్థానికి, అది ప్రాణవాయువు కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. ముందు తల బరువెక్కుతుంది, వాంతి వచ్చినట్టుంటుంది, కాళ్లు తేలిపోతాయి, ఆ తర్వాత స్పృహ ఉండదు. స్నానానికి వెళ్లిన మనిషి పిలిస్తే పలకకపోతే ముందు తలుపు తీసి గాలిలోకి తీసుకురండి, వెంటనే 108కి ఫోన్ చేయండి. బాయిలర్ ఉండాల్సింది కప్పు ఉన్న, పక్కలు తెరిచి ఉన్న వసారాలో. పొగగొట్టం కప్పు దాటి పైకి ఉండాలి, తాటాకుకు తగలకూడదు.

పిల్లలున్న ఇళ్లలో ఒక అలవాటు చేసుకోండి. బకెట్లో ముందు చన్నీళ్లు, తర్వాతే వేన్నీళ్లు. 60 డిగ్రీల నీళ్లు కొన్ని క్షణాల్లోనే చర్మాన్ని కాలుస్తాయి. పసివాళ్ల చర్మానికి అంతసేపు కూడా అక్కర్లేదు. వేన్నీళ్లు ముందు పోసి చన్నీళ్లకు వెళ్లే ఆ నడిమి నిమిషంలోనే ప్రమాదాలు జరుగుతాయి.

శ్రోతలారా, ఇన్ని పనులు ఎవరు చేయాలన్నది చివరగా చెబుతాను. నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించేది అదే.

చాలా ఇళ్లలో తెల్లవారకముందే లేచి బాయిలర్ వెలిగించేది ఆ ఇంటి ఇల్లాలు. కన్నాలు మూసుకుపోయిన జల్లెడ ముందు కూర్చుని, పచ్చి కట్టెను ఊదుతూ, కళ్లు మండుతుంటే కొంగుతో తుడుచుకునేది ఆమే. మిగతావాళ్లం లేచేసరికి నీళ్లు కాగి ఉంటాయి. పొగ ఆమె ఊపిరితిత్తుల్లో ఉంటుంది. ఇళ్లలో కట్టె, బొగ్గు, పిడకల వల్ల కమ్ముకునే పొగతో 2020లో లోకమంతటా 32 లక్షల మంది అకాలంగా చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ పొగలో మన బాయిలర్ పొగ కూడా ఒక పాలు. జల్లెడ శుభ్రంగా ఉండి, గొట్టంలో మసి లేకుండా, కట్టె ఎండి ఉంటే ఆ పొగ చాలా వరకు తగ్గుతుంది. అంటే బాయిలర్ బాగు చేయడం ఆ తల్లి ఊపిరిని కాపాడే పని. అది కూడా ఆమె మీదే వేయడం న్యాయం కాదు. ఎండాకాలంలో కట్టె చీల్చి పేర్చడం, వారానికోసారి గొట్టం ఊడ్చడం, మూడు నెలలకోసారి గార తీయడం ఇంట్లోని మగవాళ్ల పని కావాలి. వెలిగించే చెయ్యి ఒకరిదైతే, శుభ్రం చేసే చెయ్యి ఇంకొకరిది కావాలి.

పక్కనే ఉన్న కర్ణాటకలో దీపావళికి దీన్ని పండుగలోనే కలుపుకున్నారు. నరక చతుర్దశికి ముందురోజు సాయంత్రం నీళ్లు కాచే హండెను తోమి, పసుపు కుంకుమ పెట్టి, పూలు చుట్టి, కొత్త నీళ్లు నింపుతారు. నీళ్లు నింపే పండుగ అనే దాన్ని పిలుస్తారు. మనం కూడా అలా రెండు రోజులు పెట్టుకుందాం. దీపావళికి ముందు ఆదివారం ఒకటి, భోగికి ముందు ఆదివారం ఒకటి. ఆ రెండు రోజులూ గొట్టం, జల్లెడ, కుళాయి విప్పి లోపల చూద్దాం. కుళాయి మొదట్లో చెమ్మ కనిపిస్తే, మర విప్పి తెల్ల టేపు చుట్టి బిగిద్దాం. అతుకు దగ్గర చిలుము గీతలా కనిపిస్తే అక్కడ సన్నగా నీళ్లు ఊరుతున్నాయని అర్థం. మాటు వేసేవాళ్లకు అప్పుడే చూపిస్తే చిన్న పనితో పోతుంది, వదిలేస్తే పీపా మార్చాల్సి వస్తుంది.

రేపే ఒక చిన్న పరీక్ష చేయండి. బాయిలర్ నిండా నీళ్లు పోసి, వెలిగించిన వేళ, నీళ్లు కాగిన వేళ గోడ మీద బొగ్గుతో రాసి పెట్టండి. గొట్టం ఊడ్చిన తర్వాత మళ్లీ అలాగే, అంతే కట్టెతో కాచి ఆ వేళ కూడా పక్కనే రాయండి. రెండు అంకెల మధ్య తేడా ఎంత ఉంటే, ఇన్నాళ్లూ మీ ఇంటి ఇల్లాలు అంతసేపు అదనంగా పొగలో కూర్చుందన్నమాట. ఆ తేడా చూశాక చీపురు చేతికి తీసుకోమని మీకు ఎవరూ చెప్పాల్సిన పని ఉండదు.